చిప్‌లోని రాగి తీగ వేడి ఎటు పోతుంది

చిప్ డిజైన్ పనిలో ఉన్నవారిలో చాలామందికి లోహపు తీగ నిరోధం అంటే ఎక్స్‌ట్రాక్షన్ టూల్ రాసిచ్చిన ఫైలులో కనిపించే ఒక అంకె. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆ అంకె తీశారన్నది సెటప్‌లో ఒకచోట రాసి ఉంటుంది, 105 డిగ్రీలనో 125 డిగ్రీలనో. అంతటితో ఉష్ణోగ్రత సంగతి తేలిపోయిందనుకుని టైమింగ్ వైపు, అంటే సిగ్నల్ సమయానికి చేరుతుందా అన్న లెక్క వైపు వెళ్లిపోతాం. నిజానికి ఆ 105 డిగ్రీలు చిప్ మొత్తానికి మనం అనుకున్న ఉష్ణోగ్రత మాత్రమే. కరెంటు మోసే ప్రతి తీగా దానిమీద తన సొంత వేడిని కొంత కలుపుకుంటుంది. ఆ వేడికి దాని నిరోధం పెరుగుతుంది, పెరిగిన నిరోధం వల్ల వేడి ఇంకాస్త పెరుగుతుంది. ఈ వేడిని లెక్కించేటప్పుడు మన దృష్టంతా తీగలో పారే కరెంటు మీదే ఉంటుంది. ఆ వేడి బయటికి పోవడానికి ఉన్న దారి ఎంత ఇరుకైనది, ఆ దారిని ఇంకెన్ని తీగలు పంచుకుంటున్నాయి అన్నది కూడా అంతే గట్టిగా చూడాలని చెప్పడానికే ఈ టపా రాస్తున్నాను.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో తన కేంద్రాన్ని తెరిచింది. అప్పటినుంచి ఈ ఊరు చిప్ డిజైన్‌కు నిలయమైంది. మారతహళ్లి నుంచి బెళ్లందూరు దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏ ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చున్నా పక్క బల్ల దగ్గర తెలుగులో సెటప్ వయొలేషన్ (సిగ్నల్ ఆలస్యం) గురించో ఐఆర్ డ్రాప్ (తీగలో తగ్గే వోల్టేజీ) గురించో మాట్లాడుకుంటున్నవారు కనిపిస్తారు. మాటల్లో ఇంత సులువుగా నడిచే విషయం రాతలోకి వచ్చేసరికి తెలుగులో చాలా అరుదుగా కనిపిస్తుంది. ఈ టపాకు కారణమైన ప్రశ్న కూడా అలాంటి ఒక భోజనం బల్ల దగ్గరే వచ్చింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, "అక్కా, రాగి వేడిని అంత బాగా మోస్తుంది కదా, తీగలో పుట్టిన వేడి ఆ తీగ వెంబడే జారిపోయి చల్లబడదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. దానికి సరైన జవాబు చెప్పాలంటే తీగ ఎలా తయారవుతుందో, దాని చుట్టూ ఏముంటుందో ముందు చెప్పుకోవాలి.

దశాబ్దాల పాటు చిప్‌లలో తీగలంటే అల్యూమినియమే. 1997లో ఐబీఎం రాగి తీగల పద్ధతిని ప్రకటించిన తర్వాత పరిశ్రమ మెల్లగా అటు మళ్లింది. గది ఉష్ణోగ్రత దగ్గర అల్యూమినియం నిరోధకత (తీగ కొలతలతో పనిలేకుండా పదార్థానికే ఉండే నిరోధ గుణం) సుమారు 2.7 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు, రాగిది 1.7. అయితే అల్యూమినియంలా రాగిని పొరగా పరిచి, అక్కర్లేని భాగాన్ని ప్లాస్మాతో చెక్కేయడం కుదరదు. అందుకని ముందు ఇన్సులేటర్ పొరలో గాడి తవ్వి, దాని గోడలకు పలుచని టాంటలమ్ పూత పూసి, ఆ తర్వాత విద్యుత్ పద్ధతిలో రాగిని నింపి, పైన పొంగిన రాగిని సాన పట్టి తీసేస్తారు. బీదరులో బిద్రీ పనివాళ్లు నల్లని లోహంలో గాడి చెక్కి, అందులో వెండి తీగ కూర్చి, నునుపు చేసే పని చూసినవారికి ఈ వరుస వెంటనే అర్థమవుతుంది. టాంటలమ్ పూత లేకపోతే రాగి అణువులు ఇన్సులేటర్ గుండా సిలికాన్ దాకా పాకి ట్రాన్సిస్టర్లను పాడుచేస్తాయి. కనుక ఆ పూత తప్పనిసరి. కానీ దాని నిరోధకత రాగి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 20 నానోమీటర్ల వెడల్పున్న గాడిలో రెండు వైపులా రెండేసి నానోమీటర్లు పూతకు పోతే వెడల్పులో అయిదో వంతు కరెంటు మోయడానికి పనికిరాకుండా పోయినట్టే.

ఇరుకు తీగలో రాగి కూడా పుస్తకంలోని రాగిలా ప్రవర్తించదు. గది ఉష్ణోగ్రత దగ్గర రాగిలో ఎలక్ట్రాన్ ఒక ఢీకి, మరో ఢీకి మధ్య సగటున దాదాపు 39 నానోమీటర్లు ప్రయాణిస్తుంది. తీగ వెడల్పే ఆ దూరానికి దగ్గరగా వచ్చినప్పుడు ఎలక్ట్రాన్లు గోడలను, లోహంలోని స్ఫటిక రేణువుల సరిహద్దులను మాటిమాటికీ ఢీకొంటాయి, నిరోధకత పెరుగుతుంది. గోడల ప్రభావాన్ని 1938లో ఫుక్స్, 1952లో సోండ్‌హైమర్ లెక్కగట్టారు. రేణువుల సరిహద్దుల ప్రభావాన్ని 1970లో మయాదాస్, షాట్జ్‌కెస్ దానికి చేర్చారు. చిప్‌లలో రాగి తీగలు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే, వేరే అవసరాల కోసం పలుచని లోహపు పొరల మీద పనిచేసినవారు రాసిపెట్టిన సూత్రాలు ఈరోజు ప్రతి ఫౌండ్రీ (చిప్ తయారుచేసే ఫ్యాక్టరీ) మోడల్‌లోనూ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. ఈ విషయం నాకు ఎప్పుడూ గౌరవం కలిగిస్తుంది.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. 100 నానోమీటర్ల వెడల్పు, 200 నానోమీటర్ల మందం ఉన్న ఒక తీగను తీసుకుందాం. దాని నిరోధకత 2.5 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కో మైక్రోమీటర్ పొడవుకు 1.25 ఓమ్‌ల నిరోధం వస్తుంది. అందులో 1 మిల్లీ ఆంపియర్ కరెంటు పారితే చదరపు సెంటీమీటరుకు 50 లక్షల ఆంపియర్ల సాంద్రత అవుతుంది, మైక్రోమీటరుకు 1.25 మైక్రోవాట్ల వేడి పుడుతుంది. ఆ వేడి కింద ఉన్న సిలికాన్‌ను చేరాలంటే మధ్యలో ఉన్న ఇన్సులేటర్‌ను దాటాలి. ఇన్సులేటర్ మందం 1 మైక్రోమీటర్ అనుకుందాం. వేడి నిట్టనిలువుగా కాక పక్కలకు కూడా పరుచుకుంటూ దిగుతుంది కాబట్టి తీగ అసలు వెడల్పుకు ఇన్సులేటర్ మందంలో 0.88 వంతు కలిపి దాన్ని వెడల్పుగా తీసుకోవడం పాత పద్ధతి. ఇన్సులేటర్ సిలికాన్ డయాక్సైడ్ అయితే దాని ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 1.4 వాట్లు. లెక్క వేస్తే తీగ ఉష్ణోగ్రత కింద ఉన్న సిలికాన్ కంటే 1 డిగ్రీకి కొంచెం తక్కువే పెరుగుతుంది. ఇంత తక్కువ పెరుగుదలను ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు కూడా.

అదే లెక్కలో రెండు మార్పులు చేసి చూద్దాం. మొదటిది, ఈనాటి చిప్‌లలో తీగల మధ్య సిలికాన్ డయాక్సైడ్ బదులు తక్కువ డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఉన్న పదార్థాలు వాడతారు. స్థిరాంకం 3.9 నుంచి 2.5, 3 వరకు తగ్గితే కెపాసిటెన్స్ తగ్గి సిగ్నల్ వేగం పెరుగుతుంది. అయితే స్థిరాంకం తగ్గించడానికి పదార్థంలో కార్బన్ కలిపి, సన్నని రంధ్రాలు నింపుతారు. దాంతో ఉష్ణవాహకత అంతకంటే చాలా ఎక్కువగా పడిపోతుంది. దాన్ని 0.3గా తీసుకుంటే మన ఒంటరి తీగ పెరుగుదల 4 డిగ్రీలు దాటుతుంది. రెండోది, ఆ తీగ ఒంటరిగా ఉండదు. ఇరువైపులా 100 నానోమీటర్ల ఎడంలో అలాంటి తీగలే బారులు తీరి, అన్నీ 1 మిల్లీ ఆంపియర్ మోస్తున్నాయనుకుందాం. ఇప్పుడు పక్కలకు పరుచుకోవడానికి చోటు లేదు, ఎందుకంటే పక్కవాటి వేడి కూడా అదే చోటు కోసం వస్తోంది. ఒక్కో తీగకు దక్కేది తన కింద ఉన్న 200 నానోమీటర్ల పట్టీ మాత్రమే. సిలికాన్ డయాక్సైడ్‌లో ఒంటరిగా 1 డిగ్రీ లోపు వేడెక్కిన తీగ ఈ బారులో నాలుగున్నర డిగ్రీలు వేడెక్కుతుంది. రంధ్రాల పదార్థంలో ఆ పెరుగుదల 20 డిగ్రీలు దాటుతుంది. కరెంటు అదే, తీగ అదే, పొడవు అదే. పరిసరాలు మారినందుకే పెరుగుదల ఇరవై రెట్లకు పైగా మారింది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. రాగి ఉష్ణవాహకత 400 దాకా ఉంటుందన్నది పెద్ద రాగి ముద్దకు వర్తించే మాట. నిరోధకత పెరిగిన ఇరుకు తీగలో, 1853 నాటి వీడెమాన్ ఫ్రాంట్జ్ నియమం ప్రకారం, ఉష్ణవాహకత కూడా అదే పాళ్లలో తగ్గుతుంది. మన తీగకు అది 290 దాపులకు వస్తుంది. అది కూడా ఎక్కువే, కానీ తీగ అడ్డుకోత మరీ చిన్నది. తీగ వెంబడి పోయే వేడి, కిందికి ఇంకిపోయే వేడి సరితూగే దూరం ఎంతో కట్టి చూస్తే సిలికాన్ డయాక్సైడ్‌లో 2 మైక్రోమీటర్లు, రంధ్రాల పదార్థంలో నాలుగున్నర మైక్రోమీటర్లు వస్తుంది. "నువ్వన్నది నిజమే అమ్మా, కానీ చివర వయా, అంటే పొరలను కలిపే నిలువు లోహం, దగ్గర నుంచి అయిదారు మైక్రోమీటర్ల లోపలే నిజం. 100 మైక్రోమీటర్ల తీగ నడిమికి ఆ చివరలు ఉన్నట్టే తెలియదు," అని చెప్పాను. ఆమె అక్కడే టిష్యూ కాగితం మీద లెక్క వేసుకుని, "అయితే పొట్టి తీగలకు, పొడవాటి తీగలకు ఒకే కరెంటు పరిమితి ఎందుకు పెడుతున్నారక్కా?" అని మళ్లీ అడిగింది. పొడవును బట్టి సడలింపు ఇచ్చే నియమాలు చాలా ఫౌండ్రీల పుస్తకాల్లో ఉన్నాయి. వాటికి అసలు కారణం మాత్రం వేడి కాదు, అణువుల వలస, అంటే కరెంటు ధాటికి లోహపు అణువులు చోటు మారడం. దాని గురించి కింద రాస్తాను.

ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసుకుని నమ్మనక్కర్లేదు. తీగ తన ఉష్ణోగ్రతను తనే చెబుతుంది, ఎందుకంటే దాని నిరోధమే దానికి థర్మామీటర్. ఈ కొలతకు సెమీకండక్టర్ ప్రమాణాలు రూపొందించే జెడెక్ సంస్థ ప్రమాణం కూడా ఉంది, జెఈఎస్‌డీ 33. పద్ధతి ఇలా నడుస్తుంది. వేఫర్‌ను వేడి పీఠం మీద పెట్టి, వందల మైక్రోమీటర్ల పొడవున్న పరీక్ష తీగకు నాలుగు ప్యాడ్‌ల మీద నాలుగు సూదులు దించుతారు. రెండు సూదులు కరెంటు మోస్తాయి, మిగిలిన రెండు వోల్టేజీని మాత్రమే చూస్తాయి. అందువల్ల సూది, ప్యాడ్ కలిసేచోటి నిరోధం కొలతలోకి రాదు. సూది మొన ప్యాడ్‌ను తాకాక ఇంకొంచెం దించితే మైక్రోస్కోప్‌లో అది ముందుకు జరిగి లోహం మీద సన్నని గీత గీయడం కనిపిస్తుంది. ఆ గీత పడితేనే సూది బాగా ఆనినట్టు. ముందుగా తీగను వేడెక్కించనంత చిన్న కరెంటుతో, పీఠం ఉష్ణోగ్రతను 25, 75, 125, 175 డిగ్రీలకు మారుస్తూ నిరోధం కొలుస్తారు. గ్రాఫ్‌లో గీత తిన్నగా వస్తుంది. దాని వాలు నుంచి డిగ్రీకి నిరోధం ఎంత మారుతుందో తెలుస్తుంది. ఆ తర్వాత పీఠాన్ని ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచి కరెంటును మెట్లుమెట్లుగా పెంచుతారు. మనం పైన తీసుకున్న తీగ ఒంటరిగా, 800 మైక్రోమీటర్ల పొడవుంటే దాని నిరోధం 1000 ఓమ్‌లు. రంధ్రాల పదార్థంలో 1 మిల్లీ ఆంపియర్ దగ్గర అది 1011, 1012 ఓమ్‌ల మధ్యకు చేరుతుంది. 2 మిల్లీ ఆంపియర్ల దగ్గర దాదాపు 1048 అవుతుంది. కరెంటు వర్గానికి ఎదురుగా నిరోధాన్ని గీస్తే మొదట తిన్నగా పోయి, పైకి పోయేకొద్దీ కొద్దిగా వంగుతుంది. ఆ వంపు నిరోధం వేడిని పెంచి, వేడి నిరోధాన్ని పెంచిన దానికి గుర్తు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుందని అందరూ కంఠస్థం చేసిన అంకెను ఇరుకు తీగకు వాడకూడదు. 1864లో మథీసెన్ చెప్పినట్టు లోహపు నిరోధకతలో ఒక భాగం అణువుల కంపనాల వల్ల వస్తుంది, ఆ భాగం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది. మిగిలిన భాగం లోపాలు, గోడలు, సరిహద్దుల వల్ల వస్తుంది, ఆ భాగం ఉష్ణోగ్రతతో దాదాపు మారదు. ఇరుకు తీగలో పెరిగింది ఈ రెండో భాగమే. అందుకని ఒక డిగ్రీకి పెరిగే నిరోధకత సుమారుగా అంతే ఉన్నా, మొత్తంలో దాని శాతం తగ్గుతుంది. నిరోధకత 2.5 ఉన్న తీగకు అది 0.27 శాతం, 5 ఉన్న తీగకు 0.14 శాతం. నిరోధం 2.7 శాతం పెరిగిందని కొలిచి, దాన్ని 0.39తో భాగిస్తే 7 డిగ్రీలు వేడెక్కిందని తేలుతుంది. అసలు పెరుగుదల 10 డిగ్రీలు. అంటే పుస్తకపు అంకె వాడినవారికి తీగ ఉన్నదానికంటే చల్లగా కనిపిస్తుంది. పొరపాటు ప్రమాదం ఉన్న వైపుకే జరుగుతుంది కాబట్టి ప్రతి పొరకూ, ప్రతి వెడల్పుకూ ఈ వాలును విడిగా కొలవాలని నేను పట్టుబడతాను.

పొరుగు తీగల ప్రభావాన్ని చూపడానికి ఇంతకంటే అందమైన కొలత ఇంకొకటి ఉంది. మూడు తీగలను పక్కపక్కన వేసి, అటూ ఇటూ ఉన్నవాటిలో ఎక్కువ కరెంటు పంపి, నడిమి తీగలో కొలవడానికి సరిపోయేంత మాత్రం పంపుతారు. నడిమి తీగ సొంతంగా పుట్టించే వేడి దాదాపు సున్నా. అయినా దాని నిరోధం పక్క తీగల కరెంటు వర్గంతో పాటు చక్కగా పెరుగుతూ పోతుంది. ఈ గ్రాఫ్ ఒక్కటి చూపిస్తే చాలు, డిజైన్ సమీక్షలో గంట సేపు వాదించనక్కర్లేదు. నేను ఇదివరకు చూసిన ఒక ప్రాజెక్టులో పవర్ తీగలన్నీ ఒకచోట గుమికూడిన బ్లాకును, ప్రతి తీగా విడివిడిగా పరిమితి లోపలే ఉందన్న రిపోర్టు చూపించి ముందుకు పంపాలనుకున్నారు. చిప్ వేడి ప్యాకేజీవాళ్ల (చిప్‌ను తొడుగులో బిగించేవారి) పని అన్న మాట కూడా ఆ గదిలో వినిపించింది. ప్యాకేజీ సిలికాన్‌ను చల్లబరుస్తుంది. సిలికాన్‌కు, పై తీగకు మధ్య ఉన్న కొన్ని మైక్రోమీటర్ల ఇన్సులేటర్‌ను ఎంత మంచి హీట్‌సింక్ పెట్టినా అది మార్చలేదు. ఆ బ్లాకుకు బారు మొత్తాన్ని కలిపి ఉష్ణ సిమ్యులేషన్ చేసి చూశాకే అసలు పెరుగుదల కనిపించింది.

ఏ కరెంటుతో లెక్క వేయాలన్నది కూడా ఈ వాదనలోనే వస్తుంది. తీగ చుట్టూ ఉన్న ఇన్సులేటర్ వేడికి స్పందించడానికి మైక్రోసెకను స్థాయి సమయం పడుతుంది. 1 గిగాహెర్ట్జ్ క్లాక్ కాలం 1 నానోసెకను. కనుక తీగ ఉష్ణోగ్రత ఒక్కో పల్స్‌ను అనుసరించదు, కరెంటు వర్గపు సగటును అనుసరిస్తుంది. ఆర్‌ఎంఎస్ విలువ (ఆ సగటుకు వర్గమూలం) కావాలనేది అందుకే. పదో వంతు కాలం మాత్రమే 10 మిల్లీ ఆంపియర్లు పారే తీగ సగటు 1 మిల్లీ ఆంపియరే, కానీ ఆర్‌ఎంఎస్ 3.16 మిల్లీ ఆంపియర్లు, అంటే వేడి పది రెట్లు. క్లాక్ తీగలలో, మెమరీ బిట్‌లైన్‌లలో సగటు కరెంటు సున్నాకు దగ్గరగా ఉన్నా అవి వేడెక్కుతాయి. వాటికి అణువుల వలస ప్రమాదం చాలా తక్కువ, ఎందుకంటే ఇటు కదిలిన అణువులు తిరుగు కరెంటుతో వెనక్కి వస్తాయి. కానీ వాటి వేడి పక్కన ఉన్న పవర్ తీగకు తగులుతుంది, ఆ పవర్ తీగలో కరెంటు ఒకే వైపుకు పారుతుంది. ఒకరి వేడికి ఇంకొకరి ఆయుష్షు తగ్గుతుంది. ఆర్‌ఎంఎస్ రిపోర్టును, సగటు కరెంటు రిపోర్టును వేర్వేరు మనుషులు వేర్వేరు రోజుల్లో చూసే పద్ధతిలో ఈ బంధం కనిపించకుండా పోతుంది.

ఆయుష్షు సంగతి అసలు ప్రమాదం. నిరోధం రెండు మూడు శాతం పెరగడం టైమింగ్‌కు కొంత ఇబ్బంది, అంతే. అదే ఉష్ణోగ్రత తీగను ఎన్నేళ్లు బతకనిస్తుందన్నది ఇంకొక లెక్క. ఎలక్ట్రాన్ల ధాటికి లోహపు అణువులు మెల్లగా వాటి వెంట జరిగిపోవడం వల్ల ఒకచోట ఖాళీ, ఇంకొకచోట గుట్ట ఏర్పడతాయి. దీన్నే ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1969లో ప్రచురించిన సమీకరణం ప్రకారం తీగ సగటు ఆయుష్షు కరెంటు సాంద్రత పెరిగేకొద్దీ దాని ఘాతంలో తగ్గుతుంది, ఉష్ణోగ్రతతో ఘాతాంకీయంగా తగ్గుతుంది. రాగికి యాక్టివేషన్ ఎనర్జీ (అణువు కదలడానికి కావలసిన శక్తి) 0.9 ఎలక్ట్రాన్ వోల్టులుగా తీసుకుంటే, 105 డిగ్రీల దగ్గర ఉన్న తీగ 5 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఆయుష్షు 30 శాతం తగ్గుతుంది. 10 డిగ్రీలు వేడెక్కితే సగానికి పడిపోతుంది. పైన మన బారు తీగలకు వచ్చిన పెరుగుదల 20 డిగ్రీలు. సమీకరణంలో ఉష్ణోగ్రత గడిలో సెటప్ ఫైలులోని 105ను పెట్టేవారు, తీగ అసలు ఉష్ణోగ్రతను పెట్టేవారు ఒకే చిప్ గురించి మాట్లాడుతున్నట్టే ఉండదు.

అదే సమీకరణానికి స్థిరాంకాలు తీసే పరీక్షల్లో కూడా ఇదే జాగ్రత్త కావాలి. పదేళ్ల ఆయుష్షును కొన్ని వారాల్లో చూడాలి కాబట్టి తీగలను 300 డిగ్రీల దాపుల పొయ్యిలో, మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటుతో పరీక్షిస్తారు. ఆ కరెంటుకు తీగ పొయ్యి కంటే వేడిగా ఉంటుంది. ఈ తేడాను సరిచేయకపోతే, కరెంటు పెరిగినప్పుడు వేడి వల్ల తగ్గిన ఆయుష్షును కూడా కరెంటు ఖాతాలోనే రాస్తాం, సమీకరణంలో కరెంటు సాంద్రత ఘాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ఎక్కువ ఘాతంతో మామూలు కరెంటు దగ్గరి ఆయుష్షును లెక్కిస్తే లేని భరోసా వస్తుంది. పరీక్షలో నిరోధం 10 శాతమో 20 శాతమో పెరిగిన క్షణాన్ని వైఫల్యంగా తీసుకుంటారు. ఖాళీ ఏర్పడినా తీగ ఒక్కసారిగా తెగిపోకపోవడానికి కారణం గోడలకు పూసిన టాంటలమే. రాగి లేని ఆ కాస్త దూరం కరెంటు ఆ పూత గుండా పోతుంది, నిరోధం ఒక మెట్టు పైకి లేస్తుంది. వేడి వల్ల పెరిగిన నిరోధం కరెంటు ఆపి చల్లార్చగానే వెనక్కి వస్తుంది, ఖాళీ వల్ల పెరిగింది రాదు. ఏది ఏదో తేల్చుకోవడానికి చల్లార్చి, చిన్న కరెంటుతో మళ్లీ కొలవడం కంటే నమ్మకమైన దారి నాకు కనిపించలేదు. నిరోధం తగ్గే సందర్భం కూడా ఒకటుందని ఇక్కడే చెప్పాలి. విద్యుత్ పద్ధతిలో అప్పుడే నింపిన రాగి గది ఉష్ణోగ్రత దగ్గరే గంటల నుంచి రోజుల వ్యవధిలో తన రేణువులను పెద్దవి చేసుకుంటుంది, నిరోధం 20 శాతం దాకా పడిపోతుంది. అందుకే తయారీలో రాగి నింపాక ఒకసారి కాచి, ఆ మార్పును ముందే పూర్తి చేస్తారు.

పొట్టి తీగల సడలింపు సంగతి. 1976లో ఇలాన్ బ్లెచ్ చూపిన విషయం ఏమిటంటే, అణువులు ఒక చివరకు చేరేకొద్దీ అక్కడ ఒత్తిడి పెరిగి వాటిని వెనక్కి నెడుతుంది. తీగ తగినంత పొట్టిగా ఉంటే ఆ వెనక్కి నెట్టే బలం వలసను పూర్తిగా ఆపేస్తుంది. కరెంటు సాంద్రతను, పొడవును గుణించగా వచ్చే విలువ ఒక హద్దు లోపల ఉంటే తీగకు ఈ జబ్బు రాదు. ఆ సడలింపును చూసుకుని పొట్టి తీగలో నాలుగైదు రెట్లు కరెంటు పంపినవారు దాని వేడి పదహారు నుంచి ఇరవై అయిదు రెట్లు అవుతుందని, ఆ తీగకు ఏమీ కాకపోయినా పక్కనున్న పొడవాటి తీగకు అవుతుందని కూడా చూసుకోవాలి.

వేడిని తగ్గించాలంటే తీగల మధ్య ఎడం పెంచమని చాలామంది చెబుతారు. బారుగా ఉన్న పవర్ తీగలకు నా సలహా వేరు. మన ఉదాహరణలో తీగకు, ఎడానికి కలిపి 200 నానోమీటర్లు ఉంది. దాన్ని 300 చేసే వీలు దొరికిందనుకుందాం. ఆ 100 నానోమీటర్లను ఎడానికి ఇస్తే వేడి మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. అదే తీగ వెడల్పుకు ఇస్తే నిరోధం సగమై, వేడి పోయే పట్టీ కూడా పెరిగి, మూడో వంతుకు తగ్గుతుంది. అంతే చోటు ఖర్చయింది, ఫలితం రెండింతలు. సిగ్నల్ తీగలకు కెపాసిటెన్స్ గొడవ ఉంది కాబట్టి అక్కడ ఎడమే మేలు. గ్రౌండ్ తీగలైతే ఇంకొక సదుపాయం ఉంది. వాటిని వయాల మీదుగా కింద సిలికాన్‌కు తగిలించే చోట్లు ఎన్ని ఎక్కువ పెడితే వేడి దిగడానికి అన్ని దారులు దొరికినట్టే, పైగా అందుకు కొత్త సర్క్యూట్ ఏమీ అక్కర్లేదు.

ట్రాన్సిస్టర్ల వైపు నుంచి కూడా తీగలకు వేడి అందుతోంది. ఫిన్‌ఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్‌లో కరెంటు పారే ఛానెల్ సన్నని గోడలా నిలబడి ఉంటుంది. దాని వేడి కింద సిలికాన్‌లోకి దిగే దారి ఇరుకు కాబట్టి కొంత వేడి కాంటాక్టుల గుండా పైకి, మొదటి లోహపు పొరల్లోకి ఎక్కుతుంది. అత్యంత ఇరుకైన తీగలు ఉండేది సరిగ్గా అక్కడే. 2017లో ఇంటెల్ తన 10 నానోమీటర్ల ప్రక్రియలో అడుగు పొరలకు రాగి బదులు కోబాల్ట్ వాడినట్టు ప్రకటించింది. కోబాల్ట్ నిరోధకత రాగి కంటే మూడు రెట్లకు మించి ఉన్నా, దాని అణువులు అంత సులువుగా వలస పోవు. నిరోధం పెరిగినా ఫర్వాలేదు, ఆయుష్షు కావాలని ఒక పెద్ద సంస్థ తేల్చుకుందంటే ఈ అడుగు పొరల ఇబ్బంది ఎంతటిదో ఊహించవచ్చు.

ఇకముందు ఈ లెక్క ఇంకా మారబోతోంది. పైన నేను వేసిన లెక్కలన్నింటిలో ఒక ఊహ ఉంది. తీగ కింద మందమైన సిలికాన్ ఉంటుందని, అది వేడిని వెంటనే పక్కలకు పరిచేస్తుందని, కనుక దాని ఉష్ణోగ్రతను స్థిరంగా తీసుకోవచ్చని అనుకున్నాం. 300 మిల్లీమీటర్ల వేఫర్ మందం 775 మైక్రోమీటర్లు. సిలికాన్ ఉష్ణవాహకత గది ఉష్ణోగ్రత దగ్గర 150కి దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఇప్పటిదాకా ఆ ఊహ నిలిచింది. పవర్ తీగలను చిప్ వెనుక వైపుకు మార్చే పద్ధతులు ఇప్పుడు వచ్చాయి. ఇంటెల్ 18ఏ ప్రక్రియలో పవర్‌వయా పేరుతో, టీఎస్‌ఎంసీ ఏ16 ప్రక్రియలో సూపర్ పవర్ రైల్ పేరుతో ప్రకటించినవి ఇవే. వెనుక నుంచి ట్రాన్సిస్టర్లను చేరాలంటే సిలికాన్‌ను అరగదీసి అతి పలుచని పొరగా మిగల్చాలి. అప్పుడు ట్రాన్సిస్టర్ల పొరకు రెండు వైపులా తీగలు, ఇన్సులేటర్లే ఉంటాయి. ట్రాన్సిస్టర్ల వేడి హీట్‌సింక్‌ను చేరాలన్నా ఏదో ఒక వైపు తీగల పొరలను దాటక తప్పదు. తీగ తన వేడిని దింపుకునే చోటే అక్కడ లేకుండా పోతుంది. అలాంటి చిప్‌లకు ఫౌండ్రీ ఇచ్చే నియమాల పుస్తకంలో తీగ ఉష్ణోగ్రత పెరుగుదలను దేనితో పోల్చి చెప్పారో, ఎన్ని పొరుగు తీగలు కరెంటు మోస్తున్నాయని అనుకుని ఆ పరిమితులు కట్టారో మొదటి సమావేశంలోనే రాతపూర్వకంగా అడగమని మా టీమ్‌కు చెప్పాను. ఈ పని చేస్తున్న మీ అందరినీ అడిగేదీ అదే. వెనుక పవర్ తీగలున్న చిప్‌కు ఈ టపాలోని లెక్కను రెండు వైపుల దారులతో మళ్లీ కట్టి, వచ్చే టపాలో అంకెలతో సహా పెడతాను.